ఆ తావు మంచిది కాదు

జిల్లా పేజీ అడుగున నాలుగు లైన్ల వార్తలు కొన్ని వస్తుంటాయి. 'రోడ్డు ప్రమాదంలో రైతు మృతి', 'ద్విచక్ర వాహనాన్ని ఢీకొన్న లారీ', 'గుర్తు తెలియని వాహనం ఢీకొని యువకుడి దుర్మరణం'. ఊరు పేరు మారుతుంది, మనిషి పేరు మారుతుంది, తక్కిన వాక్యాలు మాత్రం అచ్చుగుద్దినట్టు అవే. చదువుతాం, 'అయ్యో పాపం' అంటాం, పేజీ తిప్పేస్తాం. మన ఊరి పేరు కనబడిన రోజు మాత్రం రెండోసారి చదువుతాం.

ఈ నాలుగేసి లైన్లన్నీ ఏడాది పొడుగునా కూడితే ఎంతవుతుందో చూడండి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది చనిపోయారు. 2023లో చనిపోయినవారి సంఖ్య 1,72,890కి పెరిగింది. అంటే గంటకు దాదాపు ఇరవై మంది. 2022 మృతుల్లో 66.5 శాతం మంది 18 నుండి 45 ఏళ్ళ లోపు వాళ్ళే. ప్రపంచం మొత్తం మీద 5 నుండి 29 ఏళ్ళ వయసువాళ్ళను అన్నిటికన్నా ఎక్కువగా పొట్టన పెట్టుకుంటున్నది ఏ జబ్బూ కాదు, రోడ్డేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ సంచిక చదువుతున్న విద్యార్థులం దాదాపు అందరం ఆ వయసువాళ్ళమే కదా!

ఇంత జరుగుతున్నా మనం దీనికి చెప్పుకొనే కారణాలు రెండే రెండు. ఇంట్లో వాళ్ళు 'తలరాత' అంటారు. కాగితం మీద 'అతివేగం, నిర్లక్ష్యం' అని రాస్తారు. ఈ రెండు మాటలకూ ఒక పోలిక ఉంది. ఏ మాట అన్నా ఆ తర్వాత ఇంకో ప్రశ్న అడగాల్సిన పని ఉండదు. నేను సైన్సు విద్యార్థిని. ప్రశ్న అడక్కుండా ఊరుకోమంటే నాకు కష్టం. ప్రమాదం ఎవరివల్ల జరిగింది అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదని, ఎక్కడ జరిగింది, ఎన్ని గంటలకు జరిగింది, అదే చోట అంతకుముందు ఎన్నిసార్లు జరిగింది అని అడిగి, ఆ జవాబులను పటం మీద పెట్టి చూడాలని నా అభిప్రాయం. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం. మన కాలేజీలో ఈ మూడు ఊళ్ళ చుట్టుపక్కల పల్లెలనుండి వచ్చినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. ఈ మూడింటినీ కలిపే దారి ఒకటే. ఉరవకొండ దగ్గర మొదలై అనంతపురం, కదిరి, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా తమిళనాడులోని కృష్ణగిరికి పోయే 42వ నంబరు జాతీయ రహదారి. ఈ దారిమీద ఎవరెవరు పోతారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. తెల్లవారకముందే మదనపల్లె మండీకి టమోటా క్రేట్లు మోసుకుపోయే వ్యాన్లు, ట్రాక్టర్లు. పాల క్యాన్లు కట్టుకున్న మోపెడ్లు. పిల్లలను కుక్కుకొని పోయే ఆటోలు. సాయంకాలం ఇంటికి మళ్ళే ఆవులు, మేకలు. వాటి మధ్యనే మూడు రాష్ట్రాల లారీలు, కార్లు, బస్సులు. ఎవరి వేగం వాళ్ళది, ఎవరి తొందర వాళ్ళది. రోడ్డు మాత్రం అందరికీ ఒకటే.

మా పల్లె బాట ఇట్లాంటి పెద్ద రోడ్డులోనే కలుస్తుంది. నాకు వరసకు పెదనాయన అయ్యే పెద్దమనిషి ఒకరు చీకటితో టమోటా వేసుకొని మండీకి బయలుదేరి, ఆ కలిసే చోటనే పోయారు. 'ముసలాయన, చూసుకోకుండా ఎక్కినాడు' అన్నారు అందరూ. కానీ ఆయనకన్నా ముందు అదే చోట పాలాయన ఒకాయన కాలు పోగొట్టుకున్నాడు. ఆయన ముసలివాడు కాదు. మా అవ్వ అయితే నేను హాస్టలుకు బయలుదేరినప్పుడల్లా ఒకటే మాట: 'నాయనా, ఆ క్రాసు కాడ పైలం. ఆ తావు మంచిది కాదు.' అమావాస్యకు అక్కడ నిమ్మకాయలు కోసి పడేసేవాళ్ళు కూడా ఉన్నారు.

దీన్ని మూఢనమ్మకం అని నవ్వి తోసెయ్యడం సులభం. నేను అట్లా చెయ్యను. 'ఆ తావు మంచిది కాదు' అన్న మాటలో సగం నిజం ఉంది. పదిసార్లు చూసి, పదిమంది నోట విని, ప్రమాదాలన్నీ ఒకే చోట జరుగుతున్నాయని పల్లెవాళ్ళు కనిపెట్టారు. అది గమనింపు. కారణం దగ్గరికి వచ్చేసరికి దయ్యమో దిష్టో అన్నారు. అక్కడ పొరబడ్డారు. కారణం వెతకడం చదువుకున్న మన పని. ఆ చోట నిలబడి చూస్తే తెలుస్తుంది. పెద్ద రోడ్డు మా బాటకన్నా ఎత్తులో ఉంది. బరువుతో ఉన్న బండి ఊపుగా ఎక్కితే తప్ప ఎక్కదు, ఎక్కినాక ఆగదు. ఒక పక్క కంపచెట్లు అడ్డం. దీపం లేదు. అవతలినుండి వచ్చే డ్రైవరుకు అక్కడొక బాట ఉందని చెప్పే బోర్డు లేదు. ఇందులో దయ్యం ఎక్కడ ఉంది? తలరాత ఎక్కడ ఉంది?

పోలీసు కేసు ఎవరి తప్పో తేలుస్తుంది. ఇదివరకు శిక్షాస్మృతి 304-ఎ సెక్షను కింద, 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద నిర్లక్ష్యానికి శిక్ష పడుతుంది. పడాల్సిందే. కానీ డ్రైవరుకు శిక్ష పడినంత మాత్రాన కంపచెట్లు తొలగిపోవు, బాట ఎత్తు పెరగదు. మరుసటి నెల ఇంకో డ్రైవరు, ఇంకో పెదనాయన.

చోటును పట్టుకొని కారణాన్ని వెతకడం కొత్త విద్యేమీ కాదు. 1854లో లండనులో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు చనిపోయినవారి ఇళ్ళను పటం మీద గుర్తుపెట్టాడు. గుర్తులు బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక నీళ్ళ పంపు చుట్టూ ముసురుకున్నాయి. ఆ పంపు చేతిపిడి తీయించారు. అప్పటికి కలరా క్రిమి సంగతి ఆయనకు తెలియకపోయినా, చావు ఎక్కడినుండి వస్తున్నదో పటం చెప్పింది.

అంతదూరం పోవాల్సిన పనీ లేదు. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. 1915 నాటి క్షయ శానిటోరియం అది. 1950 ప్రాంతంలో అక్కడి డాక్టరు జె. ఫ్రిమోట్ మోలర్, ఆయన బృందం, ఆస్పత్రి గడప తొక్కిన రోగులను మాత్రమే లెక్కపెట్టి ఊరుకోలేదు. చుట్టుపక్కల పల్లెలకు పోయి జనాన్ని లెక్కరాసి, పరీక్షలు చేసి, ఎక్స్‌రేలు తీశారు. 1950-55 నాటి ఆ అధ్యయనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పత్రికలో 1960లో అచ్చువేసింది. ఆస్పత్రికి వచ్చినవాళ్ళే రోగులు కారు, రానివాళ్ళ లెక్క కూడా తెలిస్తేనే జబ్బు సంగతి తెలుస్తుందని మన గడ్డమీదనే చేసి చూపించారు. రోడ్డు ప్రమాదాలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. స్టేషను మెట్లెక్కిన కేసులే ప్రమాదాలు కావు. కాలు విరిగి నాటువైద్యుడి దగ్గర కట్టు కట్టించుకున్నవాడు, రాజీపడి ఇంటికి పోయినవాడు ఏ లెక్కలోనూ ఉండడు. 2021లో మన ప్రభుత్వ లెక్కలో రోడ్డు మరణాలు 1,53,972. అదే ఏడాదికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన అంచనా రెండు లక్షలకు పైనే.

అయితే ప్రభుత్వం ఏమీ చెయ్యడం లేదా అంటే, చేస్తున్నది. మద్రాసు ఐ.ఐ.టి. రూపొందించిన ఐ-ర్యాడ్ అనే పద్ధతి 2021లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై తర్వాత దేశమంతటికీ వచ్చింది. పోలీసులు ప్రమాదం జరిగిన చోటికి పోయి సెల్‌ఫోనులోనే వివరాలు నింపుతారు. అక్షాంశ రేఖాంశాలతో సహా చోటు నమోదవుతుంది. ఇది నిజంగా మంచి పని. పూర్వం 'ఫలానా క్రాసు సమీపాన' అని రాసేవాళ్ళు. ఆ 'సమీపాన' అన్న మాటలో కిలోమీటరు దూరం దాక్కునేది.

జాతీయ రహదారిమీద 'బ్లాక్ స్పాట్' అని దేన్ని అంటారో కూడా నిర్వచనం ఉంది. సుమారు 500 మీటర్ల రోడ్డులో, మూడేళ్ళలో, ప్రాణం పోయినవో తీవ్రంగా గాయపడినవో ఐదు ప్రమాదాలు జరగాలి. లేదా పదిమంది చనిపోయి ఉండాలి. ఈ నిర్వచనం చదివినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. ఒక చోటు చెడ్డదని కాగితం మీద ఒప్పుకోవడానికి ఇంతమంది పడిపోవాలా? కొలత ఉండాల్సిందే, కాదనను. డబ్బు ఎక్కడ ముందు ఖర్చుపెట్టాలో తేల్చుకోవడానికి ఏదో ఒక గీత గీయక తప్పదు. కానీ ఆ గీత దాటేదాకా చేతులు కట్టుకొని కూర్చోవాలని ఎక్కడా రాసిలేదు. పైగా ఆ కొలత జాతీయ రహదారులకు. 2022లో రోడ్డు మరణాల్లో 36.2 శాతం జాతీయ రహదారులమీద జరిగాయి, 24.3 శాతం రాష్ట్ర రహదారులమీద జరిగాయి. మిగిలిన 39.4 శాతం ఎక్కడ? జిల్లా రోడ్లు, పల్లె రోడ్లు, ఊరి వీధులు. మనం రోజూ తిరిగే దారులే.

మన ప్రాంతంలో ఈ పటం గీయడానికి ప్రత్యేకంగా కొన్ని చిక్కులున్నాయి. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మార్చారు. అంతకుముందు మదనపల్లె నుండి కుప్పం మీదుగా కృష్ణగిరికి పోయే దారి నంబరు 219. అనంతపురం నుండి మదనపల్లె మీదుగా చెన్నైకి పోయేది 205. కాబట్టి పాత కాగితాల్లో 219 అని ఉన్నదీ, కొత్త కాగితాల్లో 42 అని ఉన్నదీ ఒకటే రోడ్డు. ఈ సంగతి తెలియనివాడు కూడితే లెక్క రెండు ముక్కలవుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విభజించినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాకు పోయింది, పుంగనూరు, కుప్పం చిత్తూరు జిల్లాలో ఉండిపోయాయి. ఒకే రోడ్డు లెక్క రెండు జిల్లాల పాలయింది. ఇక కుప్పం సంగతి సరే సరి. అటు కర్ణాటక, ఇటు తమిళనాడు. దెబ్బతగిలినవాణ్ణి ఏ ఊరి ఆస్పత్రి దగ్గరైతే ఆ ఊరికి ఎత్తుకుపోతారు. అది వేలూరు కావచ్చు, కోలారు కావచ్చు, బెంగుళూరు కావచ్చు. గాయం ఒక రాష్ట్రంలో, చావు ఇంకో రాష్ట్రంలో. ముప్పై రోజుల లోపు చనిపోతేనే రోడ్డు ప్రమాద మరణంగా లెక్కిస్తారు. ముప్పై ఐదో రోజు పోయినవాడి ఇంట్లో ఏడుపు ఏమైనా తక్కువగా ఉంటుందా?

అందుకే ఒక్క పోలీసు రికార్డే చాలదు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలోనే మొదలైన 108 అంబులెన్సుకు వచ్చిన ఫోన్లు, ఆస్పత్రుల క్యాజువాలిటీ రిజిస్టర్లు, పోలీసు కేసులు - ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకదానిలో తప్పిపోయింది ఇంకోదానిలో దొరుకుతుంది.

పటం గీసినంత మాత్రాన సరిపోదు, చదవడం కూడా రావాలి. మదనపల్లె మార్కెట్టులో కుళ్ళిన టమోటా ఎక్కువ కనబడితే మదనపల్లె టమోటా చెడ్డదని అంటామా? అక్కడికి వచ్చే సరుకే ఎక్కువ, అందుకని కుళ్ళినదీ ఎక్కువ. అట్లాగే ఊరి దగ్గర చుక్కలు ఎక్కువ ఉన్నాయంటే అక్కడ బండ్లు ఎక్కువ తిరుగుతాయని కూడా అర్థం కావచ్చు. ఎన్ని బండ్లు పోతే ఎన్ని ప్రమాదాలు అని భాగించి చూడాలి. ఇంకొకటి. ఒక కయ్యలో ఒక ఏడు విపరీతంగా పండితే మరుసటి ఏడు మామూలుకు దిగుతుంది. ఆ దిగడానికి ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు. ప్రమాదాలూ అంతే. ఒక ఏడాది ఎక్కువ జరిగిన చోట మరుసటి ఏడాది వాటంతట అవే కొంత తగ్గవచ్చు. మధ్యలో ఎవరో వచ్చి స్పీడు బ్రేకరు వేసి ఉంటే ఆ ఘనత అంతా దానికే పోతుంది. నిజంగా దేనివల్ల తగ్గిందో తెలియాలంటే నాలుగైదేళ్ళ లెక్కలు, పక్కనే ఏమీ చెయ్యని ఇంకో చోటు లెక్కలు కలిపి చూడాలి. స్టాటిస్టిక్సు క్లాసులో మనం ఆవులిస్తూ వినే పాఠాలు సరిగ్గా ఇక్కడే అక్కరకొస్తాయి.

లెక్కలు కొన్నిసార్లు మన నమ్మకాలను తలకిందులు చేస్తాయి. ప్రమాదమంటే మలుపు, లోయ అనుకుంటాం. 2022లో దేశంలో జరిగిన ప్రమాదాల్లో దాదాపు 67 శాతం నిటారుగా ఉన్న రోడ్లమీదనే జరిగాయి. చక్కని రోడ్డు చూస్తే కాలు ఊరుకోదు మరి. రోజులో సాయంకాలం ఆరు నుండి తొమ్మిది మధ్యనే సుమారు అయిదో వంతు ప్రమాదాలు. మన పల్లెల్లో ఆ వేళకు ఏం జరుగుతుంటుంది? పశువులు ఇంటికి వస్తుంటాయి, కూలివాళ్ళు ఆటోల్లో తిరిగి వస్తుంటారు, వెనక దీపం లేని ట్రాక్టరు ట్రాలీ నింపాదిగా పోతుంటుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. చీకట్లో ముందున్నది ట్రాలీ అని గుర్తించి బ్రేకు తొక్కడానికి సెకనున్నర పట్టిందనుకోండి, అప్పటికే 33 మీటర్లు అయిపోయింది. బ్రేకు తొక్కినాక బండి ఆగడానికి ఇంకో 35 మీటర్లకు పైన. ట్రాలీ వెనక ఎర్రటి రిఫ్లెక్టరు అతికిస్తే దూరంనుండే మెరుస్తుంది. దానికి అయ్యే ఖర్చు ఒక టమోటా క్రేటు ధర కూడా ఉండదు. ఈ మాట నేను లారీవాళ్ళతో చెప్పడం లేదు, మన రైతులతోనే చెబుతున్నాను.

ఒక పటం మీద ఇంకో పటం పరిచి చూడడంలో ఉన్న లాభం ఇంకా పెద్దది. 2023 జూన్‌లో పలమనేరు దగ్గర హైవే దాటుతున్న మూడు ఏనుగులు లారీ తగిలి చనిపోయాయి. కౌండిన్య అడవి ఏనుగులు ఏ దారిన తిరుగుతాయో అటవీ శాఖవాళ్ళకు తెలుస్తుంది. ఏ వేళకు ఎన్ని లారీలు పోతాయో రోడ్డువాళ్ళకు తెలుస్తుంది. రెండు పటాలూ ఒకదానిమీద ఒకటి పెడితే, ఎక్కడ బోర్డు పెట్టాలో, ఏ వేళలో వేగం తగ్గించాలో రెండుచోట్లా తెలుస్తుంది. స్కూళ్ళ పటం, సారా దుకాణాల పటం, సంతల పటం - ఇట్లా ఎన్నైనా పరచవచ్చు.

పెద్ద ప్రమాదం జరిగితే అందరూ కదులుతారు. 2022 మార్చిలో భాకరాపేట ఘాట్‌లో శుభకార్యానికి పోతున్న బస్సు లోయలో పడినప్పుడు, 2024 సెప్టెంబరులో మొగిలి ఘాట్‌లో ఆర్టీసీ బస్సు, లారీ ఢీకొన్నప్పుడు మంత్రులు మాట్లాడారు, పేపర్లు రాశాయి. రాయాల్సిందే. కానీ పల్లె క్రాసుల్లో ఒక్కొక్కరుగా పోయేవాళ్ళ కోసం ఎవరూ రారు. పటం మీద మాత్రం ఒక మనిషికి ఒక చుక్క. మోపెడ్ మీద పోయిన రైతుకూ చుక్కే, కారులో పోయిన షావుకారుకూ చుక్కే. అట్లా వరసగా చుక్కలు పడితే, ఒక్కొక్కరి చావు వేరుగా ఉన్నప్పుడు కనబడని కారణం అప్పుడు కనబడుతుంది.

'రోడ్డును తిడితే ఏం లాభం, మనుషులు సరిగ్గా నడపొద్దా?' అని మిత్రులు అడుగుతారు. నిజమే. 2022లో హెల్మెట్ లేక చనిపోయినవారే 50,029 మంది. హెల్మెట్ హ్యాండిలుకు తగిలించుకొని తిరిగే మన క్యాంపస్ వీరులు ఈ అంకెను ఒకసారి గట్టిగా చదువుకుంటే మంచిది. కానీ మనిషి అన్నవాడు ఎప్పుడో ఒకప్పుడు పొరబడతాడు. పొరబాటుకు ప్రాణమే జరిమానాగా ఉండకూడదు. 1997లో స్వీడన్ పార్లమెంటు 'విజన్ జీరో' అని తీర్మానం చేసింది. మనుషులు పొరబడతారని ముందే లెక్కవేసుకొని రోడ్లు కట్టాలన్నది దాని సారాంశం. మనకు అంత డబ్బు ఎక్కడిదంటారా? కంపచెట్లు కొట్టడానికి, కలిసే చోట బాటను కాస్త ఎత్తు చెయ్యడానికి, బోర్డు పాతడానికి, ఒక దీపం పెట్టడానికి స్వీడన్ అంత డబ్బు అక్కర్లేదు. ఎక్కడ చెయ్యాలో తెలిస్తే చాలు.

అందుకని మన విద్యార్థి సంఘానికి, అధ్యాపకులకు నాదొక విన్నపం. ప్రతి ఏడాదీ ఎన్.ఎస్.ఎస్. శిబిరంలో రోడ్లు ఊడుస్తాం, మొక్కలు నాటుతాం. ఈసారి పల్లెలకు పోయి పెద్దవాళ్ళను ఒకటే ప్రశ్న అడుగుదాం: 'మీ పక్క మంచిది కాని తావు ఏది?' వాళ్ళు చూపించిన చోటికి పోయి సెల్‌ఫోనుతో స్థానం గుర్తించుదాం. మలుపా, ఎత్తా, చెట్టా, చీకటా, ఏ వేళ, ఏ బండి - అన్నీ రాసుకుందాం. చనిపోయినవాళ్ళ పేర్లు వద్దు, కులాలు వద్దు. అవి వాళ్ళ ఇంటి దుఃఖం, మన పటానికి అక్కర్లేదు. జాగ్రఫీవాళ్ళు పటం గీస్తారు, స్టాటిస్టిక్సువాళ్ళు లెక్క కడతారు, కంప్యూటరువాళ్ళు రెండూ కలుపుతారు, మా ఫిజిక్సువాళ్ళం వేగాల సంగతి చూస్తాం. ప్రతి జిల్లాకూ కలెక్టరు అధ్యక్షతన రోడ్డు భద్రతా కమిటీ ఉంది. మన పటం తీసుకుపోయి పోలీసు రికార్డుతో పోల్చి చూడమని ఆ కమిటీని అడుగుదాం. పల్లెవాళ్ళు చెప్పింది తప్పని తేలితే తప్పని ఒప్పుకుందాం. నిజమని తేలితే, ఐదో ప్రమాదం దాకా ఆగకుండా పని మొదలుపెట్టమని అడుగుదాం. ఇంజనీర్లుగా, అధికారులుగా, విలేకరులుగా ఉన్న మన పూర్వ విద్యార్థులు ఎందరో ఈ సంచిక చదువుతారు. వారు ఒక్క మాట సాయం చేస్తే మా తిప్పట సగానికి సగం తగ్గుతుంది.

రైతుబిడ్డలం మనం. ఏ కయ్యలో ఏ మూల నీళ్ళు నిలుస్తాయో, ఏ గెనిమ దగ్గర పాము తిరుగుతుందో మనవాళ్ళకు పటం లేకుండానే తెలుసు. తెలిసినాక నీళ్ళు నిలిచే మూలన కాలువ తీస్తారే గానీ, పైరును తిట్టి ఊరుకోరు. రోడ్డు విషయంలోనూ అంతే బుద్ధి చూపిద్దాం. మంచిది కాని తావును మంచిది చెయ్యడం మనుషుల చేతిలో పనే.